కళాచరిత్ర తరగతిలోకి మమ్మల్నీ రానివ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను రసాయనశాస్త్రం ప్రధానాంశంగా డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ఇంట్లో బొమ్మలు వేసేవారు ఎవరూ లేరు. అయినా ఈ ఏడాది ఐచ్ఛికాంశంగా జపాన్ కళాచరిత్ర కావాలని దరఖాస్తు పెట్టుకున్నాను. "నీ నేపథ్యం ఏమిటి? ఆ సంస్కృతితో నీకేం సంబంధం?" అని అడిగి, సైన్సు విద్యార్థులకు అవకాశం లేదని పంపించేశారు. అక్కడ చెప్పనివ్వని జవాబు ఇక్కడ చెబుతున్నాను.

నా సంబంధం పరీక్షనాళికలో మొదలైంది. ఫెర్రిక్ లవణ ద్రావణంలో పొటాషియం ఫెర్రోసయనైడ్ చుక్కలు వేయగానే చిక్కటి నీలం పుడుతుంది. అదే ప్రష్యన్ బ్లూ. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో తయారైన ఈ రంగు వర్తకుల ఓడల్లో జపాన్ చేరింది. అక్కడివారు దాన్ని 'బెరో-ఐ', అంటే బెర్లిన్ నీలం అని పిలుచుకున్నారు. అంతకుముందు వారు వాడిన పూల నీలం వెలుతురుకు వెలిసిపోయేది. 1831 ప్రాంతంలో వచ్చిన, జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ పెద్ద అల చిత్రంలో ఉన్నది మా ప్రయోగశాల నీలమేనని చదివిన రోజు, ఆ అలను ఎంతసేపు చూశానో నాకే తెలియదు. అంత పెద్ద అల కింద ఫ్యూజీ కొండ చిన్న తెల్లటి ముక్కలా ఉంటుంది. దూరాన్ని అలా చూపే పద్ధతిని జపాన్ చిత్రకారులు యూరప్ బొమ్మల నుంచి నేర్చుకున్నారు. మరో అర్ధశతాబ్దం తర్వాత, 1887లో, డచ్ చిత్రకారుడు వాన్ గో జపాన్ చిత్రకారుడు హిరోషిగె చిత్రాలను ముందు పెట్టుకుని తైలవర్ణాల్లో నకళ్లు వేశాడు. వీరిలో ఎవరినీ నేపథ్యం అడిగి ఆపినవారు లేరు.

"భాష రాకుండా నీకేం అర్థమవుతుంది?" అని ఒక అధ్యాపకురాలు అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. హిరగానా, కటకానా అనే జపాన్ లిపులు సొంతంగా నేర్చుకున్నాను కానీ చిత్రం మూలన ఉన్న సంతకం ఇప్పటికీ చదవలేను. తెలియకుండానే తెలిసినట్టు మాట్లాడితే ఆ కళకు అన్యాయం చేసినట్టేనని నాకూ తెలుసు. ఒక్క ఉదాహరణ చెబుతాను. ఆ అల హొకుసాయ్ ఒక్కడి పనే అని చాలాకాలం అనుకున్నాను. కానీ అది చెక్క దిమ్మెలతో తీసిన అచ్చు చిత్రం. ఆయన గీసిన గీతను చెర్రీ చెక్క మీద వెంట్రుకవాసి తేడా రాకుండా చెక్కినవారు వేరు. రంగు రంగుకూ దిమ్మె మార్చి, దిమ్మె మీది గుర్తుల దగ్గర కాగితం సరిగ్గా పేర్చి, 'బారెన్' అనే గుండ్రటి సాధనంతో వెనకనుంచి రుద్ది అచ్చు తీసినవారు వేరు. పెట్టుబడి పెట్టిన ప్రచురణకర్త మరొకరు. ఇదంతా నాకు ముక్కలుముక్కలుగా, ఆలస్యంగా తెలిసింది. గురువు ఉంటే మొదటి వారంలోనే తెలిసేది. రానివారికే కదా తరగతి!

సీట్లు తక్కువైతే పరీక్ష పెట్టండి. ఒక చిత్రాన్ని ముందుంచి, గంటసేపు చూసి ఏం కనిపించిందో రాయమనండి. శాఖ పేరు, పుట్టుక, ఇంటి చరిత్ర చూసి మాత్రం వెనక్కి పంపవద్దు. కళాచరిత్రను ఏ శాఖ విద్యార్థికైనా క్రెడిట్లతో కూడిన ఐచ్ఛికాంశంగా ఇవ్వాలని విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళిక సంఘాలను కోరుతున్నాను. వచ్చే ఏడాది నేను మళ్లీ దరఖాస్తు పెడతాను.

— ఒక డిగ్రీ విద్యార్థిని