మొదటి సంవత్సరం వాళ్లకి: ముఖ్యంగా క్రిట్ గురించి

అందరికీ నమస్తే. డిజైన్ స్కూల్లో దేని మీద ఎక్కువ దృష్టి పెట్టాలని కొత్తవాళ్లు అడుగుతున్నారు. నన్నడిగితే క్రిట్ మీద, అంటే మన పని అందరి ముందు పెట్టి వాళ్ల అభిప్రాయాలు వినే సెషన్ మీద.

గోడకి మీ పని తగిలించి నిలబడ్డాక నోరు ఊరుకోదు, సమర్థించుకోవాలనే అనిపిస్తుంది. ఆపుకోండి. వచ్చిన మాటలన్నీ పక్కనున్న స్నేహితుణ్ణి రాసిపెట్టమనండి, ఆ కంగారులో మీకు సగం కూడా గుర్తుండవు. "ఎలా ఉంది?" అంటే "బావుంది" అనే వస్తుంది. "ఈ పోస్టర్లో మీ కన్ను ముందు ఎక్కడికి వెళ్లింది?" అని అడిగి చూడండి, పనికొచ్చే జవాబు వస్తుంది. సగం అయిన పనే చూపించండి. నేను మొదటి ఏడాదంతా నున్నగా ముగించినవే పట్టుకెళ్లాను. తర్వాత మార్చడానికి మనసొప్పక సలహాలన్నీ వృథా అయ్యాయి.

ఇంకోటి, వర్క్‌షాపులు. 1919లో జర్మనీలోని వైమార్‌లో మొదలైన బౌహౌస్ అనే డిజైన్ స్కూల్లో తొలినాళ్లలో వర్క్‌షాపుల్లో ఒక కళాకారుడు, ఒక చేతివృత్తి నిపుణుడు కలిసి నేర్పేవారు. మీ దగ్గర యంత్రాలు నడిపే టెక్నీషియన్లే ఆ రెండో గురువులు. వాళ్లు ఖాళీగా ఉన్నప్పుడే వెళ్లి పరిచయం చేసుకోండి. (సబ్మిషన్ వారంలో లేజర్ కట్టర్ దగ్గర క్యూ చూస్తే ఏడుపొస్తుంది.)

స్కెచ్‌లు పారేయొద్దు. తేదీ వేసి ఫొటో తీసిపెట్టుకోండి, పోర్ట్‌ఫోలియోకి అవే కావాలి. ప్రింటు ఒక రోజు ముందే తీయించండి. ఆర్‌జీబీలో (తెర రంగుల పద్ధతి) తెర మీద మెరిసే నీలం, సీఎంవైకేలో (ప్రింటు ఇంకుల పద్ధతి) కాగితం మీదకొచ్చేసరికి డల్ అయిపోతుంది.

వచ్చే క్రిట్‌కి ఎవరైనా సగం పని ఇక్కడ పెడితే రాత్రికి చూసి చెప్తాను.