‘కొత్తగా నేర్చుకునేవారికి’ అని అమ్మిన టారో డెక్‌పై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం వారికి,

విషయం: డెక్‌ల వాపసు, అమ్మకం పేజీలో వివరాల సవరణ

నమస్కారం.

‘మొదటిసారి కొనేవారికి సరైనది’ అని మీరు అమ్ముతున్న టారో డెక్‌ను (జోస్యం చెప్పడానికి వాడే బొమ్మల కార్డుల కట్టను) మా టారో తరగతిలో కొత్తగా చేరినవారి కోసం తెప్పించాం. బొమ్మలూ రంగులూ చాలా బాగున్నాయి, అందులో వంక పెట్టడానికేమీ లేదు. కానీ దీంతో కొత్తవాళ్లు నేర్చుకోలేరు.

టారోలో ఉండేవి 78 కార్డులు. 22 మేజర్ (ఒక్కోదానికి సొంత పేరున్న ప్రధాన కార్డులు), 56 మైనర్ (పేకముక్కల్లో ఇస్పేటు, ఆఠీనుల్లాగా నాలుగు సూట్లుగా ఉండేవి). మీ డెక్‌లో నాలుగు సూట్లలోనూ ఏస్ నుంచి పది దాకా, అంటే 40 కార్డుల మీద దృశ్యమే లేదు. పేకముక్కల్లాగా గుర్తులు పేర్చి వదిలేశారు. 1909లో లండన్‌లో వెలువడిన రైడర్ డెక్‌లో పమేలా కోల్‌మన్ స్మిత్ ఈ అంకెల కార్డులకు కూడా దృశ్యాలు గీశారు. అందులోని ఫైవ్ ఆఫ్ కప్స్ చూడండి: నల్లటి దుప్పటి కప్పుకున్న మనిషి ఒలికిపోయిన మూడు కప్పులనే చూస్తూ నిలబడతాడు, వెనకాల రెండు కప్పులు చెక్కుచెదరకుండా ఉంటాయి. పుస్తకం తెరవకుండానే సగం అర్థం తెలిసిపోతుంది. మీ కార్డు మీద ఐదు కప్పులున్నాయి, అంతే. అలాంటి 40 అర్థాలు బట్టీ పట్టాల్సిందే. మార్సెయ్ అనే పాత ఫ్రెంచ్ తరహా డెక్‌లలో ఇదే పద్ధతి ఉంది, ఆ పద్ధతిని మేము తప్పుపట్టడం లేదు. దానికి ‘కొత్తవారికి’ అని ముద్ర వేయడమే తప్పు.

కొనేముందు ఈ సంగతి తెలుసుకునే వీలు కూడా లేదు. మీ పేజీలోని ఫోటోలన్నీ మేజర్ కార్డులవే.

ఇంకా పెద్ద లోపం, లోపలున్న చిన్న పుస్తకం ఈ డెక్‌ది కాదు. సిక్స్ ఆఫ్ కప్స్‌కు ‘బొమ్మలోని పిల్లలను గమనించండి’ అని రాశారు, కార్డు మీద పిల్లలు లేరు. పుస్తకంలో స్ట్రెంత్ 8, జస్టిస్ 11. కార్డుల మీద ఈ అంకెలు తారుమారుగా ఉన్నాయి: జస్టిస్ 8, స్ట్రెంత్ 11. అనుభవం ఉన్నవారు సర్దుకుంటారు, కొత్తవారు తమకే అర్థం కావడం లేదనుకుని మానేస్తారు.

వెనకవైపు చంద్రవంక ఒక పక్కకే ఉండటంతో, తిప్పకముందే ఏ కార్డు తలకిందులుగా ఉందో తెలిసిపోతోంది. తలకిందులుగా వచ్చిన కార్డుకు వేరే అర్థం చెప్పేవారికి అది ముందే తెలియకూడదు. బంగారు పూత అంచులు అతుక్కుని కార్డులు గుత్తులుగా వస్తున్నాయి. మొదట ఒక్కొక్కటీ విడదీసి, తర్వాతే కలపాలని ఎక్కడా రాయలేదు.

తెరిచిన ప్యాకెట్‌ను వాపసు తీసుకోబోమని మీరు చెప్పారు. సీలు తీయకుండా ఈ లోపాలు ఎలా కనబడతాయి? అన్ని డెక్‌లూ వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇవ్వండి. పేజీలో ప్రతి సూట్ నుంచి ఒక అంకె కార్డు, వెనకవైపు డిజైను, కార్డు కొలతలు చూపించండి. ‘మొదటిసారి కొనేవారికి’ అన్న మాట తీసేయండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనగా ఫిర్యాదు చేస్తాం.

బిల్లు, కార్డుల ఫోటోలు, పుస్తకం పేజీలు జతచేశాం.

ఇట్లు,
టారో తరగతి నిర్వాహకులు