డిశ్చార్జి కాగితం తెలుగులో ఇప్పించండి

సంపాదకుడు గారికి,

సాధారణ కాన్పయితే తల్లీబిడ్డల్ని రెండు రోజులకే ఇంటికి పంపేస్తున్నారు. పుట్టిన పిల్లలకు కామెర్లు ఎక్కువయ్యేది మూడు నుంచి అయిదో రోజు మధ్య. కనిపెట్టి చూడాల్సిన ఆ సమయంలో బిడ్డ దగ్గర డాక్టరు ఉండరు, అమ్మమ్మ ఉంటుంది. చేతిలోని డిశ్చార్జి కాగితమేమో చాలాచోట్ల ఇంగ్లిషులో ఉంటుంది. దాన్నిండా తల్లికి వాడిన మందులే.

దాంతో ‘పొద్దుటి ఎండలో పెట్టండి, అదే తగ్గుతుంది’ అన్న మాట మీద ఇంట్లోనే ఆగిపోతున్నారు. పుట్టిన 24 గంటల్లోపే ఒళ్లు పచ్చబడినా, ఎప్పుడైనా అరచేతులు, అరికాళ్లు పచ్చగా కనిపించినా రక్తపరీక్ష చేయించాల్సిందే. ఆలస్యమైతే దెబ్బతినేది మెదడు.

బిడ్డ పాలు తాగడం మానేసినా, డొక్కలు ఎగరేస్తున్నా, నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తున్నా, ఒళ్లు చల్లబడినా, జ్వరమో ఫిట్సో వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయమని పెద్ద అక్షరాలతో తెలుగులో రాసివ్వడానికి ఒక్క పేజీ చాలు. బొడ్డుకు పసుపు, పౌడరు రాయొద్దు, ముక్కులో, చెవిలో నూనె పోయొద్దు, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప తేనె, గ్రైప్ వాటర్, ఆఖరికి మంచినీళ్లు కూడా వద్దు అని అందులోనే చేర్చొచ్చు. దాన్ని అమ్మమ్మకో నాయనమ్మకో చదివి వినిపించాలి. బాలింత మాట ఇంట్లో ఎంతవరకు చెల్లుతుందో అందరికీ తెలిసిందే.

ఇంకో చిక్కు పుట్టింటి కాన్పులతో వస్తోంది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికొచ్చి చూడాలి. బరువు తూచి, టెంపరేచర్ చూసి, పాలు పట్టే తీరు గమనించాలి. చాలా మంచి ఏర్పాటు ఇది. కానీ కాన్పు పట్నంలోని ప్రైవేటు ఆసుపత్రిలో అయి, బాలింత పుట్టింట్లో ఉంటే? అత్తవారి ఊరి ఆశాకు ఆమె ఊళ్లో లేదని మాత్రమే తెలుసు, పుట్టింటి ఊరి ఆశాకు కబురే అందదు.

ప్రైవేటు ఆసుపత్రులకు రిజిస్ట్రేషన్ ఇచ్చేది జిల్లా వైద్యారోగ్య శాఖే. డిశ్చార్జి రోజునే తల్లీబిడ్డలు వెళ్లే ఊరి ఏఎన్‌ఎంకు సమాచారం పంపాలని, తెలుగు కాగితం చేతికివ్వకుండా ఇంటికి పంపొద్దని ఆ శాఖ అన్ని ఆసుపత్రులకూ ఉత్తర్వు ఇవ్వాలి.

– విశ్రాంత స్టాఫ్ నర్సు, తెనాలి