ర్యాంకుల జాబితాలో మా చిన్న బడి

కౌంటీ స్కూల్స్ సూపరింటెండెంట్ గారికి,

నమస్కారం. మన కౌంటీ బడులను పరీక్ష ఫలితాలను బట్టి వరసగా పేర్చి మీరు పెట్టిన జాబితా చూశాను. మా బడి అట్టడుగున ఉంది. దాన్ని మూసేయాలన్న మాట కూడా వినిపిస్తోంది.

అమెరికాలో 2015 నాటి ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ చట్టం (బడి చదువులపై దేశమంతటికీ వర్తించే చట్టం) ప్రకారం ఈ లెక్కలు బయటపెట్టాల్సిందే, కాదనను. కానీ మా బడిలో పరీక్ష రాసింది 25 మంది. ఒక్కరు తప్పితే 4 శాతం పోయినట్టే. టౌను బడిలో 400 మంది రాస్తే, ఒకరు తప్పినా పోయేది పావు శాతమే. ఈ రెండింటినీ ఒకే తాసులో ఎలా తూస్తారండీ?

తలసరి ఖర్చు మా దగ్గరే ఎక్కువని ఇంకో నింద. పిల్లలు పదిమందున్నా బస్సు ఒకటి తిరగాలి, హీటర్ ఒకటి వెలగాలి కదా! ఆ బస్సు కోసం మా అమ్మాయి చీకట్లోనే లేస్తుంది. ఒక్కోసారి బూట్లు వేసుకుని సోఫాలోనే మళ్లీ కునుకు తీస్తుంది. ఆ ప్రయాణానికి మీ జాబితాలో గడే లేదు.

మూడేళ్ల సగటు చూపించండి. బస్సులో గడిచే సమయం, ఏటా మారిపోయే టీచర్ల సంఖ్య కూడా పక్కనే వేయండి. బడి మూసివేత మాట ఆ తర్వాత ఎత్తండి.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి