వాళ్లు నీకు నిజం చెప్పగలగాలి

చిట్టితల్లీ,

నిన్ను టీమ్ లీడర్‌ని చేశారని విని అమ్మా నేనూ ఎంత సంతోషించామో! నీ పనితనం మీద నాకు ఏ బెంగా లేదు. కానీ మొన్న ఫోన్‌లో అన్నావు చూడు, "పని వస్తే చాలదా నాన్నా, లీడర్‌కి మంచితనంతో పనేంటి?" అని. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను.

పై స్థానానికి వెళ్లేకొద్దీ పని జరిగే చోటికి దూరమవుతాం. ఎక్కడ తేడా కొడుతోందో నీ కంటికి కనపడదు, ఎవరో వచ్చి చెప్పాలి. చెప్పాలా వద్దా అన్నది వాళ్లు నీ గుణం చూసే తేల్చుకుంటారు. చెడ్డ కబురు తెచ్చినవాడి మీద విరుచుకుపడతావనో, నెపం తమ మీదికి నెట్టేస్తావనో ఒక్కసారి అనిపించిందా, ఇక నీ చెవిన పడేవన్నీ తీపి మాటలే. అప్పుడు నీకెంత తెలివి ఉండి ఏం లాభం?

చాలెంజర్ ప్రమాదం గురించి చదివే ఉంటావు. 1986 జనవరి 28న ఆ వ్యోమనౌక ఎగిరిన 73 సెకన్లకే ముక్కలైపోయి ఏడుగురు చనిపోయారు. ఇంత చలిలో బూస్టర్లలోని రబ్బరు సీళ్లు సరిగా పనిచేయకపోవచ్చు, ప్రయోగం వద్దని ఆ బూస్టర్లను తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు ముందు రోజు రాత్రే మొత్తుకున్నారు. నాసా అధికారులకు ఆ మాట రుచించలేదు. దాంతో కంపెనీ పెద్దలు సొంత ఇంజనీర్లను పక్కనపెట్టి సరేనన్నారు. అక్కడ ఎవరికీ చదువు తక్కువ కాదమ్మా. నచ్చని మాట వినే ఓర్పు, పైవాళ్ల ఎదుట తన మనుషుల పక్షాన నిలబడే ధైర్యం కరువయ్యాయి.

1979 ఆగస్టు 10న మన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ తొలి ప్రయోగం విఫలమైంది. దానికి సారథి కలాం గారే అయినా, విలేకరుల ముందుకు ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ వెళ్లి బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జులై 18న గెలిచినప్పుడు మాత్రం కలాం గారినే మాట్లాడమన్నారు. అందరికీ తెలిసిన సంగతే. నేను ఎక్కువగా ఆలోచించేది మధ్యలోని ఆ 11 నెలల గురించి. రెండో దశలో ఆమ్లం లీకైందని తేల్చుకుని, సరిదిద్దుకుని, మళ్లీ ప్రయోగించారు. తమ పెద్ద తమను బలిపెట్టడని తెలిసినవాళ్లు ఎంత నిబ్బరంగా పనిచేస్తారో ఊహించు.

మంచితనమంటే మెతకదనం అనుకోకు. పని ఎగ్గొట్టేవాడిని నిలదీయాల్సిందే, కాకపోతే నలుగురిలో కాకుండా విడిగా పిలిచి. మీటింగ్‌లో నీ అభిప్రాయం మొదటే చెప్పేయకు, కొత్తగా చేరినవాళ్లను ముందు మాట్లాడనివ్వు. ఎవరైనా "ఇది తప్పు మేడమ్" అంటే, ఆ మాట నీకు ఎంత గుచ్చుకున్నా, ముందు థాంక్స్ చెప్పు.

వేళకు తిను. ఆదివారం ఫోన్ చెయ్యి, అమ్మ ఎదురుచూస్తుంటుంది.

ప్రేమతో,
నాన్న