శెనక్కాయల పొట్లంలో అడ్మిషన్ ఫారం

అమ్మానాన్నలందరికీ నమస్కారం.

పరీక్షల తేదీలు, ఫీజు గడువు, వ్యాన్ టైమింగులు ఈసారి వెనక పేజీలో వేశాం, అక్కడ చూసుకోండి. ఇక్కడ ఒక తప్పు గురించి చెప్పాలి. తప్పు మాదే, అందుకే వేరేవాళ్ల ద్వారా మీకు తెలియకముందే నేను రాస్తున్నాను. కన్నడ, ఇంగ్లీషు కాపీలు కూడా ఇవాళే వెళ్తున్నాయి.

పదిహేను రోజుల కిందట నాలుగో తరగతి పిల్లాడొకడు ఇంటర్వెల్లో వేయించిన శెనక్కాయలు తింటూ (గేటు బయట కొనొద్దని ఎన్నిసార్లు చెప్పామో, అది వేరే సంగతి) పొట్లం విప్పి "మేడం, దీనిమీద మన స్కూల్ ముద్ర ఉంది" అని తెచ్చి చూపించాడు. చూస్తే మూడేళ్ల కిందటి అడ్మిషన్ ఫారం జిరాక్స్! పాప ఫొటో, పుట్టిన తేదీ, తల్లి పేరు, బెంగళూరు మారతహళ్లిలో ఇంటి అడ్రస్, ఫోన్ నంబరు, వెనకవైపు తండ్రి ఆధార్. వేసవి సెలవుల్లో స్టోర్ రూమ్ ఖాళీ చేసి పాత కాగితాలు కిలోల లెక్కన అమ్మేశాం, ఎవరూ ఒక్కసారి తిప్పి చూడలేదు, నేను కూడా. ఆ కుటుంబానికి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. మిగతా కాగితాలు వెనక్కి తెప్పించే దారి లేదు.

ఆఫీసులో ఒకరు "పోనీలెండి మేడం, ఆధార్ నంబరుతో ఎవరేం చేస్తారు" అన్నారు. చేస్తారు. మీ కాపీతో సిమ్ తీసుకుంటారు, యాప్‌లో లోన్ తీసుకుంటారు, ఇంకెవరినో మోసం చేసిన డబ్బు తిప్పడానికి మీ పేరున ఖాతా తెరుస్తారు, చివరికి పోలీసులు వచ్చేది మీ గుమ్మానికి. పిల్లల పేరుతో జరిగితే ఇంకా కష్టం, ఎందుకంటే వాళ్ల పేరున లోన్ ఉందేమోనని పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఎవరు వెతుకుతారు?

ఇంకొకటి, నాకే ఈమధ్య తట్టింది. డౌన్‌లోడ్ చేసుకున్న ఈ-ఆధార్ ఫైలుకి పాస్‌వర్డ్ ఏమిటి? పేరులో మొదటి నాలుగు అక్షరాలు, ఆ పక్కన పుట్టిన సంవత్సరం. మనమేమో పిల్లల పుట్టినరోజుకి పూర్తి పేరు, పుట్టిన తేదీ వేసిన పోస్టర్ వాట్సాప్ స్టేటస్‌లో పెడతాం. జిరాక్స్ షాపు కంప్యూటర్లో మీరు మర్చిపోయిన ఫైలుకి తాళం చెవి కూడా మనమే ఇచ్చినట్టు. పోస్టర్ మానేయమనను, సంవత్సరం తీసేయండి చాలు.

వేలిముద్రలు కూడా జాగ్రత్త. 2018లో తెలంగాణలో భూమి రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలను రబ్బరు మీదికి ఎక్కించి వేల సిమ్‌లు యాక్టివేట్ చేసిన కేసు మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఊళ్లో పొలమో, హొసకోట వైపు సైటో రిజిస్టర్ చేయించుకున్నవాళ్లు ఆధార్ వాళ్ల అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ లాక్ (మీ వేలిముద్ర ఇంకెవరూ వాడకుండా ఆపే తాళం) వేసుకోండి. అవసరమైనప్పుడు తీసి మళ్లీ వేసుకోవచ్చు. వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతిలో ఓటీపీ అడగరు, అందుకే ఇంతగా చెప్తున్నాను.

కాపీ ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే, పీజీ ఓనరైనా సరే మేమైనా సరే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, ఆధార్ జారీ చేసే యూఐడీఏఐ సైట్లోనే దొరుకుతుంది. దానిమీద అడ్డంగా ఎందుకోసం ఇస్తున్నారో, తేదీ ఏమిటో పెన్నుతో రాయండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ పోర్టల్‌లో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. మా వారి పేరున మేం ఎప్పుడూ వాడని నంబరొకటి బయటపడింది, అది మాది కాదని అక్కడే రిపోర్ట్ చేశాం. మీ పేరున ఏ లోన్లు ఉన్నాయో చూపించే సిబిల్ రిపోర్టు కూడా ఏడాదికొకసారి ఉచితమే.

"మీ అబ్బాయి పోలీస్ స్టేషన్లో ఉన్నాడు" అని ఫోన్ వచ్చి, వాడి పేరు, క్లాసు, వ్యాన్ నంబరు అన్నీ సరిగ్గా చెప్పినా సరే, టెన్షన్ పడి డబ్బు పంపకండి. పెట్టేసి ముందు స్కూల్ ల్యాండ్‌లైన్‌కి చేయండి, పిల్లాడు క్లాసులో ఉన్నాడో లేదో మేం చూసి చెప్తాం. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక చేద్దాంలే అనుకుంటే డబ్బు ఇంకో నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

ఇక మా వైపు నుంచి. అడ్మిషన్‌కి ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది, అయినా మన ఫారంలో ఆ గడి అలాగే ఉండిపోయింది. వచ్చే సంవత్సరం నుంచి తీసేస్తున్నాం. అపార్ ఐడీ (కేంద్రం ప్రతి విద్యార్థికీ ఇచ్చే గుర్తింపు నంబరు) సమ్మతి పత్రం ఇష్టం లేకపోతే సంతకం చేయకండి, ఎందుకని ఎవరూ అడగరు. క్లాస్ గ్రూపుల్లో పిల్లల వివరాల ఎక్సెల్ షీట్లు ఇక పెట్టొద్దని టీచర్లకు చెప్పాను. మీరు కూడా "మా పాపది ఇదిగో" అంటూ బర్త్ సర్టిఫికెట్ గ్రూపులో పెట్టకండి, ఆఫీసుకి తెచ్చివ్వండి.

మిగిలిన పాత ఫైళ్లు ఈసారి అమ్మడం లేదు. కాగితాలు ముక్కలు చేసే మెషీన్ కొన్నాం, శనివారం పదింటికి స్టాఫ్ రూమ్‌లో పెడుతున్నాం. మీ పిల్లల పాత జిరాక్సులు మీ కళ్లముందే ముక్కలు చేయించుకోవాలంటే రండి. ఇంట్లో పాత బ్యాంకు కాగితాలున్నా సంచిలో వేసుకుని తెచ్చుకోండి.

ఇట్లు,
మీ హెడ్‌మిస్ట్రెస్