క్వాయర్ అసోసియేషన్ వార్షిక నివేదిక, 2024–25

ప్రభువు నామంలో సభ్యులందరికీ వందనాలు.

కోత పండుగ, సెమీ క్రిస్మస్, క్రిస్మస్, వాచ్‌నైట్ ఆరాధనల్లో మన క్వాయర్ ఏం పాడిందో మీరంతా విన్నారు, మీలో చాలామంది పాడారు కూడా. కాబట్టి ఆ జాబితా చదవను. పాట లేని నెలల్లో జరిగిన పని గురించే ఈసారి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాన్ని చూసినవాళ్లు తక్కువ.

ఈస్టర్ అయ్యాక పెద్ద స్కోర్లు (స్వరాలు రాసిన పాటల కాగితాలు) మళ్లీ నవంబరు దాకా బయటికి రావు. మన నరసాపురం ప్రాంతంలో వానలు, గోదావరి వరద, తుపాన్లు అన్నీ ఆ మధ్యలోనే. అంటే కాగితానికి గాలి తగలాల్సిన నెలల్లోనే మనం బీరువాకి తాళం వేస్తున్నాం. పైగా అంతర్వేది వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి స్టేప్లర్ పిన్నులు తుప్పుపట్టి, ఆ మరక పక్క పేజీకి కూడా దిగుతోంది.

అందుకే 2024 రోహిణి కార్తెలో బీరువా మొత్తం ఖాళీ చేసి హాల్లో పరిచాం. ఎండలో పెడితే సైక్లోస్టైల్ కాలం నాటి కాగితాలు పెళుసెక్కుతాయని నీడలోనే ఆరబెట్టాం. ఫ్యాన్ వేస్తే సోప్రానో (ఆడవాళ్ల పై గొంతు) కాగితం ఎగిరి బాస్ (మగవాళ్ల కింది గొంతు) కట్టలో పడుతుంది, కాబట్టి ఫ్యాన్ లేకుండానే. రోహిణి కార్తెలో ఫ్యాన్ లేని హాలు ఎలా ఉంటుందో రానివాళ్లు ఊహించుకోగలరు. పిన్నులు పీకి నూలు దారంతో కుట్టాం. ప్లాస్టిక్ కవర్లలో పెట్టిన జిరాక్సులు చాలావరకు చెడిపోయాయి. లోపల చెమ్మ నిలవడమే కాదు, అక్షరాలు కవర్‌కే అంటుకుని ఊడొచ్చాయి. ఇకమీదట అట్ట ఫోల్డర్లే. సెల్లోటేప్ కూడా వద్దు, కొన్నేళ్లకి గోధుమరంగు మచ్చ తప్ప ఏమీ మిగలదు.

పాటలన్నిటికీ నంబర్లు వేశాం. అక్షరక్రమంలో సర్దుదామని కొందరన్నారు గానీ, మన పాటలు కొన్ని తెలుగులో, కొన్ని ఇంగ్లిష్‌లో ఉన్నాయి. కొత్త పాట వచ్చిన ప్రతిసారీ అరలన్నీ జరపాలి. నంబరైతే కొత్తది చివర్లో పెడితే చాలు. ఏ పాట ఏ పండుగకో, గీతల మీద రాసే స్టాఫ్ నొటేషనా అక్షరాల్లో రాసే సోల్ఫానా, ఏ పార్టు (గొంతు) ఎన్ని కాపీలో రిజిస్టరు చెబుతుంది. ప్రతి కాపీకి కూడా విడిగా నంబరు ఉంది. కండక్టర్ గారి గుర్తులున్న మాస్టర్ కాపీ ఎవరికీ ఇవ్వం, దాన్నుంచి జిరాక్స్ మాత్రమే. అదీ హక్కుల గడువు తీరిన పాటలకే. స్వరకర్త, రచయిత చనిపోయి 60 ఏళ్లు దాటాయో లేదో చూడకుండా మెషీన్ దగ్గరికి పరిగెత్తొద్దని మనవి.

కలరా ఉండల విషయం. నవంబరులో బీరువా తెరిచిన రోజు ఆ ఘాటుకి టెనార్లు (మగవాళ్ల పై గొంతువాళ్లు) పాడటం మాని దగ్గడమే సరిపోయింది. ఇప్పుడవి తీసేశాం. అరలు తుడవడం, పొడి రోజుల్లో తలుపులు తెరిచి ఉంచడం, బీరువాని గోడకు ఆనించకుండా జరపడం, ఇంతే.

దీని ఫలితం డిసెంబరు సెమీ క్రిస్మస్‌లో కనిపించింది. చుట్టుపక్కల సంఘాల క్వాయర్లు మనతో కలిసి పాడినప్పుడు వచ్చినవారందరికీ వాళ్ల పార్టు ఫోల్డరు చేతికిచ్చాం. ఒక్క కాగితంలోకి ముగ్గురు తొంగిచూడటం లేదు, మూడో పేజీ ఎక్కడని పాట మధ్యలో గుసగుసలు లేవు. ఈ పద్ధతి మాక్కూడా నేర్పండని రెండు క్వాయర్ల పెద్దలు అడిగి వెళ్లారు. ఇది గొప్పకి చెప్పడం కాదు. సరే, కొంచెం గొప్పకే.

రిజిస్టరు మొత్తం తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన రిటైర్డ్ హెడ్మాస్టరు గారికి, కుట్టుపని చేసిన ఆల్టో (ఆడవాళ్ల కింది గొంతు) అక్కలకి, బీరువా అరలు వెల్డింగ్ చేసి కూలి తీసుకోని బాస్ తమ్ముడికి, రోజూ టీ పంపిన పాస్టరమ్మ గారికి కృతజ్ఞతలు. వాట్సాప్‌లో "తప్పకుండా వస్తాం" అని దండాల బొమ్మలు పెట్టి రానివారికి కూడా కృతజ్ఞతలు. ఎవరెవరో గ్రూపులో ఇంకా కనిపిస్తూనే ఉంది.

గది కప్పు బీరువా పైనే కారుతోందని భవనాల కమిటీకి రెండేళ్లుగా అర్జీలు ఇస్తున్నాం. "చూద్దాం" అన్నారు, ఇంకా చూస్తున్నారు. ప్రస్తుతానికి పైన టార్పాలిన్ కప్పాం.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. ఫోల్డర్లు, దారం, అట్టపెట్టెలు తప్ప పెద్ద ఖర్చేమీ లేదు, ఆడిట్ అయిన కాపీ బల్ల మీద ఉంది.

మొన్న ఏప్రిల్ 20న ఈస్టర్‌కి ఇచ్చిన ఫోల్డర్లలో కొన్ని ఇంకా ఇళ్లలోనే ఉన్నాయి. టెనార్లవే ఎక్కువ. ఏ నంబరు ఎవరి సంతకం మీద వెళ్లిందో రిజిస్టరులో ఉంది గానీ సభలో చదవను. వానలు మొదలవకముందే తెచ్చివ్వండి. పెన్సిల్ గుర్తులు ఉండొచ్చు, పెన్నుతో రాసినవాళ్లు కొత్త కాపీ జిరాక్స్ డబ్బులు కూడా తీసుకురావాలి.

ఇట్లు,
కార్యదర్శి